క్రీడాకారిణి వీడ్కోలు



ఈ సాయంకాలము నేను ఫుట్‌బాల్ ఆటనుగూర్చి మాటలాడబూనుట విని నన్నెఱిగినవారు కొందఱు నవ్వుకొందురేమో. ముప్పదియైదేండ్లు పిల్లలకు ఛందస్సును సమాసములను బోధించి, యిప్పుడు మేడ్చలు దాపున నొక చిన్న యింట విశ్రాంతి గొనుచున్న తెలుగు పండితుడను. ఏనాడును బంతిని కాలితో దన్ని యెఱుగను. అయినను ఈ యాటవలన నేను నేర్చిన పాఠ మొకటి యున్నది. అది నాకు పుస్తకములలో దొరకలేదు. నా యపరాధమువలన దొరకినది. దానిని దాచక చెప్పుటకే యీ యవకాశమును గైకొంటిని.

క్రీడాకారిణి యొకతె చిరకాలము తానాడిన సంఘమును విడిచి వెళ్లునప్పుడు జరుగు వీడ్కోలు నేటి నా ప్రసంగవిషయము. ఇది మనకు గొంత క్రొత్తది. ఉద్యోగి పదవి విరమించినచో శాలువ కప్పుదుము. పెండ్లికూతు రత్తవారింటి కేగునప్పుడు కన్నీరు పెట్టుకొందుము. ఆటనుండి వెళ్లిపోవు ఆడుబిడ్డకు వీడ్కోలేమని మనలో పలువుర కనిపించును. అట్టి సందేహము గలవారికై మొదట దూరదేశపు ముచ్చట యొకటి చెప్పెదను.

లండను నగరమున చెల్సీ యను ఫుట్‌బాల్ సంఘము గలదు. ఫ్రాన్ కిర్బీ యను యువతి 2015లో రీడింగు పట్టణపు జట్టునుండి వచ్చి యందులో జేరెను. ఈమె పదునాలుగవ యేట తల్లిని గోలుపోయి, ఆ దుఃఖభారముచే నొకప్పుడు ఆటనే మానిన బాలిక. చెల్సీయందుండగా 2019లో గుండెను గప్పియుండు పొర వాచు వ్యాధి యామెకు సోకినది. నెలలకొలది ఆటకు దూరమై, మరల ఆడుదునో లేదో యను సంశయమున బడి, తుదకు కోలుకొని మైదానమునకు వచ్చినది. ఆ సంఘమునకై నూఱునకు మించి గోలులు చేసినది. తొమ్మిదేండ్ల పిమ్మట, 2024 మే నెలలో, వెళ్లివచ్చెదనని చెప్పినది. ఆమె కడపటి యాట మాంచెస్టరు నగరమున మే 18న జరిగెను. ఆనాడు చెల్సీ ఆఱు గోలులతో గెలిచి, ఇంగ్లండు మహిళల లీగును వరుసగా నైదవమాఱు కైవసము చేసికొన్నది. ఆ యాఱింటిలో నొకటి యామెది.

ఇందులో విశేషమేమని మీరడుగవచ్చును. గోలుకాదు విశేషము. తొమ్మిదేండ్లక్రిందట వచ్చినది ఫలానామె యనియు, నేడు వెళ్లుచున్నది ఫలానామె యనియు నెఱిగినవారు వేలకొలది యున్నారు. ఆమె రాకకు సాక్షులున్నారు, ఆమె వ్యాధికి సాక్షులున్నారు, ఆమె పోకకును సాక్షులున్నారు. వీడ్కోలనగా నిదియే. ఒక మనుష్యుడు మనలో నుండెనని పదిమంది యెదుట నొప్పుకొనుట.

ఇక మన ప్రాంతమునకు వత్తము. మేడ్చలులో రైలెక్కి సికింద్రాబాదునకు బోవునప్పుడు గుండ్లపోచంపల్లి, బొలారము, అల్వాలు దాటినపిమ్మట అమ్ముగూడ యను చిన్న స్టేషను వచ్చును. ఆ అమ్ముగూడయందు ఒక పేద తమిళ కుటుంబమున 1936లో తులసీదాస్ బలరామ్ జన్మించెను. అప్పటి హైదరాబాదు ఫుట్‌బాలునకు గురువు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఈయన మొదట పాఠశాలలో ఉపాధ్యాయుడు. మావంటి బడిపంతుళ్లలో నొకడు భారతదేశపు జట్టును 1956లో మెల్బోర్ను ఒలింపిక్ క్రీడలయందు నాల్గవస్థానమునకు గొనిపోయెనని తలచుకొన్నప్పుడెల్ల నాకు లోలోన గర్వము గలుగును. ఆ జట్టులో బలరామ్ గలడు. 1960లో రోమునగరమున హంగెరీపై నొక గోలు, పెరూపై నొక గోలు చేసినవా డాతడు. 1962లో జకార్తాయందు ఆసియా క్రీడల స్వర్ణపతకము గెలిచిన జట్టులోను ఆతడు గలడు.

బలరామ్ 1957లో కలకత్తా చేరి ఈస్ట్ బెంగాల్ సంఘమున బ్రవేశించెను. ఎఱుపును పసుపును గలిసిన ఆ సంఘపు అంగీ ధరించి యేండ్లతరబడి యాడెను. 1961లో దానికి నాయకుడై కలకత్తా లీగును గెలిపించెను. తరువాత ఆ సంఘమును విడిచి రైల్వే జట్టునకు బోయెను. పోయిన కొలదికాలమునకే అనారోగ్యము చుట్టుముట్టగా, 1963లో, ఇరువదియేడేండ్ల ప్రాయమున, ఆటనే మానుకొనవలసివచ్చినది. ఆ యేడే జూన్ నెలలో గురువు రహీమ్ సాహెబు గూడ కాలధర్మము నొందెను. బలరామ్ మాత్రము కలకత్తా ప్రాంతముననే నిలిచిపోయి, 2023 ఫిబ్రవరి 16న తనువు చాలించెను. ఆటను మానిన అఱువదియేండ్లకు వచ్చిన ఆ మరణవార్తయందు అమ్ముగూడ పేరును, ఈస్ట్ బెంగాల్ పేరును మరల గలిసి వినవచ్చినవి. రోగము ఆతని యాటను నడుమనే త్రుంచినది కాని ఆతని పేరును సంఘపు చరిత్రనుండి తుడువలేకపోయినది.

బలరామ్ పురుషుడు గనుక ఆతనికి బ్రవేశించుటకు ద్వారమొకటి తెఱచియుండెను. స్త్రీల మాట యట్లు గాదు. ఇంగ్లండుదేశమున ప్రెస్టన్ పట్టణపు కర్మాగారములో బనిచేయు స్త్రీలు 1917లో జట్టుకట్టిరి. ఆ కర్మాగారముపేరనే వారిని డిక్ కెర్ జట్టనుచుండిరి. 1920 డిసెంబరు 26న లివర్‌పూలునందు వారి యాట జూచుటకు 53 వేలమంది వచ్చిరి. మఱుసటి యేడు, 1921 డిసెంబరు 5న, ఆ దేశపు ఫుట్‌బాల్ పెద్దలు సమావేశమై, ఈ యాట స్త్రీలకు దగదనియు, తమ సంఘములవారెవ్వరును స్త్రీలయాటకు మైదానము లియ్యరాదనియు శాసించిరి. ఆ శాసనము సుమారు ఏబదియేండ్లు నిలిచినది.

ఆ జట్టులో లిల్లీ పార్ అను నామె యుండెను. 1920లో చిన్నతనముననే చేరి, పెద్ద మైదానములు మూతపడినను మానక, దొరకిన పొలములలోను తోటలలోను ఆడుచు, ఆసుపత్రిలో నర్సుపని చేసికొనుచు, 1951వఱకు బంతిని విడువలేదు. ముప్పదియొక్క యేండ్లు ఒకే జట్టు. 2019లో మాంచెస్టరునందు ఆమె కంచువిగ్రహమును నెలకొల్పిరి. ఆ రాజ్యమున మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణి కెత్తిన మొదటి విగ్రహ మదియే. ఆమె ఆట మానిన అఱువదియెనిమిదేండ్లకు, కన్ను మూసిన నాలుగు దశాబ్దములకు వచ్చిన గౌరవ మది. ఆలస్యమైన సన్మానమును నిందింపను. కాని సన్మానింపబడువారు వినలేని సన్మానమున కొంత లోపమున్నదని మాత్రము చెప్పక తప్పదు.

మనదేశమున మహిళల జాతీయ ఫుట్‌బాల్ పోటీలు మొట్టమొదట 1975లో లక్నోనగరమున జరిగినవి. అనగా నేను పాఠశాలలో చదువుకొను దినములలోనే మార్గ మేర్పడినది. అట్టిచో 2004లో నేను చేసిన పనికి అజ్ఞానము మిషగా జెప్పుటకు వీలులేదు.

ఆ పని యేదియో యిక వినుడు. అప్పుడు నేను శామీర్‌పేట చెఱువునకు సమీపమున నున్న యొక ఉన్నతపాఠశాలలో తెలుగు చెప్పుచుంటిని. వ్యాయామోపాధ్యాయుని స్థానము ఖాళీగా నుండుటచే ఆటసామానుల పుస్తకమును నాకే యొప్పగించిరి. బంతులెన్ని, వలలెన్ని, అంగీలెన్ని, బూటుజతలెన్ని యని లెక్కవ్రాసి సంతకము చేయుటయే నా పని. ఎండకాలమున చెఱువులో నీరు వెనుకకు దగ్గి శిఖము భూమి బయలుపడగానే పిల్ల లందులో గోలుకు రెండు రాళ్లు పాతుకొని యాడుచుండిరి. మగపిల్లల నడుమ నొక బాలిక యాడుచుండెను. తలిదండ్రులు ద్రాక్షతోటలో కూలిపని చేయువారు. ఆ పిల్ల కుడిప్రక్కనుండి బంతిని దీసికొని పరుగెత్తిన వేళ, పాఠములో తలవంచుకొనియున్న నేను సైతము కిటికీనుండి చూచిన దినములు గలవు. అంతరపాఠశాలల పోటీలలో రెండేండ్లు మా బడి కాడినది. మాకు వచ్చిన యొకేయొక వెండికప్పు ఆమె కాళ్లవలన వచ్చినదని యందఱకు దెలియును.

పదవతరగతి పరీక్షలు ముగిసిన వారమున మా ప్రధానోపాధ్యాయులు పదవీవిరమణ చేయుచుండిరి. వారికై నేను పంచరత్నములు రచించుచు గదిలో గూర్చుంటిని. ఐదవ పద్యమున యతి కుదురక తికమక పడుచున్న సమయమున ఆ బాలిక ద్వారముకడ నిలిచినది. చేతిలో మడతపెట్టిన అంగీ, బూటుజత. "సార్, ఇవి ఇచ్చిపోదమని వచ్చిన" అన్నది. ఆమెకు పెండ్లి కుదిరినదని అంతకుముందే విని యుంటిని. పదునెనిమిదేండ్లు నిండనిదే పెండ్లి కూడదని చట్టమున్న సంగతియు ఎఱుగుదును. నేనేమి చేసితినో చెప్పుటకు సిగ్గగుచున్నది. అంగీని విప్పి చూచితిని. చిరుగు లేదని చూచుకొంటిని. బూట్లు త్రిప్పి చూచితిని. పుస్తకము తెఱచి, "ఒక అంగీ, ఒక జత బూట్లు ముట్టినవి, బాగున్నవి" అని వ్రాసి సంతకము చేసితిని. ఆ పిల్ల కొంచెముసేపు నిలుచుండి వెళ్లిపోయినది. నేను మరల యతికొఱకు వెదకుకొంటిని. పద్యము కుదిరినది. సభలో చప్పట్లు మ్రోగినవి.

నేను బడిలో పలుమాఱులు పిల్లలకు అభిజ్ఞానశాకుంతలము కథ చెప్పితిని. అందు నాలుగవ యంకము వచ్చినప్పుడు నా గొంతు బొంగురుపోవుట పిల్లలు గమనించెడివారు. శకుంతల ఆశ్రమమును వీడి పోవుచుండగా చెట్లే యామెకు పట్టుబట్టను నగలను ప్రసాదించినవి. తాను పెంచిన లేడిపిల్ల కొంగుబట్టి వెనుకకు లాగినది. సర్వసంగపరిత్యాగి యగు కణ్వునికే కన్నులు చెమర్చినవి. వీడ్కోలనిన నెట్లుండవలెనో కాళిదాసు చూపిన చూపు అది. అంత చెప్పిన పండితుడను, నా గుమ్మములో నిలిచిన పిల్లకు బట్ట యిచ్చుటకు మాఱుగా, ఉన్న బట్టను లెక్కపెట్టి తీసికొంటిని. అడవిలోని చెట్లపాటి యెఱుకయైనను నాకు లేకపోయినది.

ఈ సంగతి నాకంతట నేను గ్రహింపలేదు. రెండేండ్ల క్రిందట మేడ్చలు బజారులో కూరగాయలు కొనుచుండగా నొక స్త్రీ నన్ను జూచి, "సార్, మంచిగున్నరా?" అని పలుకరించినది. ప్రక్కన తొమ్మిదేండ్ల పిల్ల. ముఖమును బట్టి నేను పోల్చుకొనలేకపోతిని. ఆమెయే తన పేరు చెప్పినది. పిదప నవ్వుచునే యొక మాట యన్నది. ఆ మాటను నా గ్రాంథికములోనికి మార్చుట న్యాయము గాదు గనుక ఆమె యన్నట్లే చెప్పెదను: "సార్, ఆ దినం మీరు నా అంగీ విప్పి చూసిన్రు. మంచిగనే ఉన్నదని రాసుకున్నరు. నేనెట్ల ఉన్ననో అడుగలే."

ఆ మాటలో కోపము లేదు. కోపమున్నచో నాకు కొంత యుపశమనముగా నుండెడిది. ఇరువదియేండ్లు ఆమె మోసిన మాట యది. నేను తలవంచుకొని, "తప్పు నాదే, అమ్మా" అంటిని. "మీరొక్కరేనా సార్" అని యామె వేఱుమాటలలో బడినది. చిన్నకూతురును హకీంపేటలోని ప్రభుత్వ క్రీడాపాఠశాల యెంపికలకు దీసికొని పోవుచున్నదట. పిల్లకు పరుగు బాగుగా వచ్చునట.

ఆ రాత్రి నేనామెపై నాలుగు పద్యములు వ్రాసితిని. తెల్లవాఱి చదువుకొనగా వానియందు ఆమె కంటె నా పశ్చాత్తాపమే యెక్కువగా గానవచ్చినది. చించివేసితిని. పాత మిత్రుల నడిగి, ఆ రెండేండ్లలో మా బడి ఆడిన పోటీ లెవ్వియో, ఆమె యే స్థానమున ఆడినదో, ఆ వెండికప్పు ఏ యేడు వచ్చినదో తెలిసికొని, ఒక కాగితమున వరుసగా వ్రాసితిని. క్రింద, "ఈమె మా పాఠశాల క్రీడాకారిణి" అని వ్రాసి సంతకము పెట్టితిని. తీసికొనిపోయి యిచ్చితిని. "ఇప్పుడెందుకు సార్" అన్నది. ఎందుకో నేనును చెప్పలేకపోతిని. ఆమె మాత్రము దానిని నాలుగు మడతలు పెట్టి కూతురు చేతికిచ్చి, "పోగొట్టకు" అన్నది.

సోదరులారా, వీడ్కోలు నందుకొనుటకు ముందు ప్రవేశము లభింపవలెను. ఎవ్వరి రాకను మనము గుర్తింపలేదో వారి పోకను గూడ గుర్తింపము. మన గ్రామములలో ఎందఱో బాలికలు పదునాలుగవ యేట, పదునాఱవ యేట, ఆటస్థలమునుండి సద్దుచేయక వెళ్లిపోవుచున్నారు. వారికి గాయమైనది కాదు, ఓటమి వచ్చినది కాదు. ఒకనాడు రారు, అంతే. మఱునాడు వారి స్థానమున వేఱొకరు నిలుతురు. లేదా యెవ్వరును నిలువరు.

ఇది మాఱదని నేననను. మా మేడ్చలు మీదుగా బోవు రైలుమార్గము ఉత్తరమున నిజామాబాదునకు బోవును. ఆ జిల్లాలో గుగులోత్ సౌమ్య యను యువతి ఫుట్‌బాల్ నేర్చి, కేరళదేశపు గోకులం సంఘమున నాడి, 2022లో క్రొయేషియాదేశమందలి జాగ్రెబ్ నగరపు డైనమో సంఘమునకు బోయివచ్చినది. తరువాత నామె చేరిన సంఘ మేదియో తెలిసినచో మీరును నావలెనే సంతసింతురు. అమ్ముగూడ బలరామ్ ధరించిన ఎఱుపు పసుపుల అంగీయే. 2025లో ఈస్ట్ బెంగాల్ మహిళల జట్టు భారత మహిళల లీగును గెలిచినప్పుడు, ఒడిశా జట్టుపై ఆ గెలుపును తెచ్చిన గోలు సౌమ్యది. ఆ యేటి దేశపు ఉత్తమ ఫుట్‌బాల్ క్రీడాకారిణి బిరుదమును ఆమెకే దక్కినది. ఒకే రైలుదారిమీద, ఒక కొసన 1957లో బయలుదేరిన బాలుడు, మఱొక కొసనుండి బయలుదేరిన బాలిక, ఒకే సంఘపు గుమ్మము ద్రొక్కిరి. నడుమ అఱువదియేండ్లకు మించి పట్టినది.

సగౌరవమైన వీడ్కోలునకు మన నగరముననే దృష్టాంతము గలదు. 2023 మార్చి 5న సానియా మీర్జా లాల్ బహదూర్ మైదానమున, తాను ఆట మొదలిడిన ఊరివారి నడుమ, తన తుది టెన్నిస్ ఆట నాడి సెలవు దీసికొన్నది. ఆమె ప్రపంచమంతయు గెలిచినది గనుక ఆ గౌరవము దక్కినదని కొందఱందురు. కాని గెలుచుటకు ముందు ఆడనిచ్చినవారుండిరి గదా! అక్కడనే మొదలున్నది.

ఈ ప్రసంగమును వినుచున్న ఉపాధ్యాయులకు, గ్రామపెద్దలకు, తలిదండ్రులకు నా విన్నపము స్వల్పము. మీ బడిలో, మీ వాడలో ఆడు బాలికల పేర్లు ఒక పుస్తకమున వ్రాయుడు. సామానుల లెక్కకంటె ముందుగా వ్రాయుడు. ఎవతెయైన ఆట మానెదనని వచ్చినచో ఏల మానుచున్నావని యడుగుడు. ఆ ప్రశ్న సకాలమున నడిగినచో కొన్ని పెండ్లిండ్లు ఆగును, కొన్ని చదువులు సాగును. నిజముగ వెళ్లవలసివచ్చినచో తోడి పిల్లల యెదుట నిలిపి, రెండుమాటలు చెప్పి, ఆమెను రెండుమాటలు చెప్పనిండు. ఆ యంగీని ఆమెకే యుంచుడు. ఒక అంగీ తక్కువైనందువలన ఏ పాఠశాలయు మునిగిపోదు.

మొన్న శామీర్‌పేట కట్టమీదుగా వచ్చుచుండగా శిఖమున పిల్లలాడుచుండిరి. ఆడుపిల్లలు ముగ్గురున్నారు. బండి యాపి కొంతసేపు చూచితిని. ఈమాఱు నా చేతిలో పుస్తకము లేదు.

సెలవు.